చౌడక్క కథలో పడకుండా ఉండటం ఎలా?

చౌడక్కకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ కథ చెప్పినా అందులోకి బతికున్న మనుషుల్ని పేర్లతో సహా లాక్కొస్తుంది. రాజుగారికి పేరు లేకపోతే పక్కింటాయన పేరు తగిలిస్తుంది. రాక్షసికి కోరలు చాల్లేదనిపిస్తే ఎదురింటావిడ నోరు తెచ్చి అతికిస్తుంది. వినేవాళ్ళు కడుపు చేత్తో పట్టుకుని నవ్వుతారు. తమ పేరు వినబడేదాకా నవ్వుతారు. ఆ తరువాత కొయ్యబారిపోతారు.

ఈ జబ్బు మూలంగానే ఆమెకు మూడు ఊళ్ళలో పని పోయింది. హిందూపురం మండీలో చింతపండు గింజలు తీస్తూ, తూకంలో కాలివేలు పెట్టే నక్క కథ చెప్పింది. నక్కకు మండీ యజమాని పేరు పెట్టింది. యజమాని ఆమె వెనకే నిలబడి వింటున్నాడు. ధర్మవరంలో మగ్గాల ఇంట్లో కండెలు చుడుతూ, గురకపెట్టి రాజ్యం పోగొట్టుకున్న రాణి కథ చెప్పింది. రాణికి ఆ ఇంటి పెద్దావిడ పేరే పెట్టింది. పెద్దావిడ ఆ రోజు మాత్రం నిద్రపోలేదు. పెనుకొండలో హోటల్లో గిన్నెలు తోముతూ చెప్పిన కథ ఎవరికీ పూర్తిగా తెలియదు. చెంబుడు సాంబారును బిందెడు చేసే మాంత్రికుడి దగ్గర అది ఆగిపోయింది. సాయంత్రానికి ఆమె మూటతో సొంతూరు గుట్టకిందపల్లి బస్సెక్కింది.

"పేర్లు లేకుండా చెప్పొచ్చు గదా చౌడక్కా?" అని ఎవరన్నా అడిగితే ఆమెకు ఎక్కడలేని ఆశ్చర్యం.

"పేరు లేని కత ఉప్పు లేని ఊరిబిండి అప్పా. అది ఎవురికి కావల్ల?"

అట్లాంటి చౌడక్కను గుట్టకిందపల్లి బడిలో కథలు చెప్పడానికి పిలుస్తున్నారని విన్నప్పుడు, కల్పన చేతిలో చీపురు జారి కిందపడింది.

కల్పన ఆ బడి ఊడ్చే అమ్మాయి. మధ్యాహ్నం వంటకు కూరగాయలు తరగడం, గదులకు తాళాలు వేయడం కూడా ఆమె పనే. రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడితే ఎక్కువ. కానీ బడిలో ఎవరి చెప్పు ఏ మూల ఉందో ఆమెకు తెలుసు.

"లైబ్రరీ గదిలో బియ్యం మూటలు పెడతామంటున్నారు పైవాళ్ళు," అన్నాడు హెడ్మాస్టరు రామచంద్ర. హిందూపురం నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి. "నెలరోజులు గడువు అడిగాను. ఆలోగా పిల్లలు పుస్తకాలు పట్టాలి. పుస్తకం చేతికి రావాలంటే ముందు కథ చెవిలో పడాలి. అందుకని ప్రతి శనివారం ఆ ముసలావిడతో కథ చెప్పిద్దాం."

"అవ్వ... పేర్లు పెడుతుంది సార్," అంది కల్పన. ఆయనతో ఆమె మాట్లాడిన అతి పొడుగు మాట అదే.

"పెట్టనీ! పిల్లలు సరదాగా నవ్వుకుంటారు."

కల్పనకు నవ్వు రాలేదు. ఆమె ఇంట్లో, బట్టల పెట్టె అడుగున, ఒక నీలం అట్ట పుస్తకం ఉంది. దాని మీద బడి ముద్ర ఉంది, 212 అని నంబరు ఉంది. తొమ్మిదో తరగతిలో ఉండగా, కరోనాకు బడి మూసే రోజున తీసుకున్న పుస్తకం. బడి తెరిచేసరికి అమ్మకు నడుం పడిపోయింది. గొర్రెల వెనక కల్పన నడవాల్సి వచ్చింది. పుస్తకం ఇద్దామని వెళ్తే "బడికి ఎందుకు రావడం లేదు?" అంటారని వెళ్ళలేదు. ఆ తరువాత "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు?" అంటారని వెళ్ళలేదు. చూస్తూ చూస్తూ ఐదేళ్ళయింది. ఈ ఏడాది ఆ బడిలోనే ఊడ్చే పని దొరికినా పుస్తకం మాత్రం పెట్టె అడుగునే ఉండిపోయింది.

ఆ ఐదేళ్ళలో పుస్తకం ఊరికే ఉండలేదు. గుట్ట వెనక గొర్రెలను వదిలి, కంపకంచెకు ఆనుకుని కూర్చుని, కల్పన దాన్ని పైకి చదివేది. మనుషుల ముందు పెగలని గొంతు గొర్రెల ముందు గలగలా వచ్చేది. గొర్రెలు శ్రద్ధగా వినేవి. కంచె పక్కన మేసే ఒక ముసలి గొర్రె అయితే, సరిగ్గా ఆగిన చోటల్లా ఊఁ అన్నట్టు మూలిగేది.

పుస్తకాన్ని చప్పుడు కాకుండా బీరువాలో పెట్టేయవచ్చు. కానీ రిజిస్టరులో 212 ఎదురుగా ఎర్ర సిరాతో "పోయినది" అని రాసి ఉంది. పోయిన పుస్తకం తిరిగొస్తే ఎవరు తెచ్చారని అడుగుతారు. గది తాళంచెవి ఉన్నది ఒక్కరి దగ్గరే. అందుకని ప్రతి శనివారం దాన్ని తుండుగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని రావడం, ధైర్యం చాలక మళ్ళీ ఇంటికి మోసుకుపోవడం ఆమెకు అలవాటైపోయింది.

ఇప్పుడు, ఎవరింట్లో ఏముందో పసిగట్టి కథలో పెట్టే మనిషి బడికే వస్తోంది.

మొదటి శనివారం చౌడక్క వచ్చింది. వక్కాకు నమిలిన నోరు, చేతిలో కర్ర. లైబ్రరీ గది మధ్యలో బండల మీద చతికిలబడి చుట్టూ చూసింది.

"ఊఁ కొట్టేదానికి ఒక మనిషి కావల్ల," అంది. "ఊఁ లేకపోతే నా కత అడుగు తీసి అడుగెయ్యదు. ఎద్దు లేని బండి నడుస్తాదా?"

పిల్లలంతా చేతులెత్తారు. చౌడక్క చూపు వాళ్ళందరినీ దాటి, తలుపు వెనక నిలబడ్డ కల్పన మీద ఆగింది.

"ఇట్ల రా పాపా. నీకు మాటలు రావు గదా, ఈ పని నీకు సరిగ్గా సరిపోతాది."

కల్పన వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది. రామచంద్ర ఒక పుస్తకం తెచ్చి చౌడక్క చేతిలో పెట్టాడు. "ఇది పట్టుకో అవ్వా. పుస్తకంలోంచి చెప్తున్నట్టు ఉండాలి." చౌడక్క దాన్ని తలకిందులుగా పట్టుకుని మొదలుపెట్టింది.

"అనగనగా ఒక కోట. ఆ కోటలో సామాన్లు శానా ఉండాయి. వాడేవాళ్ళు లేరు."

"ఊఁ," అంది కల్పన.

"ఎవురూ పలకరించకపోతే సామాన్లకు కోపం రాదా? ఒక్కొక్కటే అలిగి కోట వదిలిపెట్టి పోతాండాయి."

ఈసారి కల్పన ఊఁ కొట్టడం మరిచిపోయింది. ఆ కథ ఆమెకు తెలుసు. అలిగి వెళ్ళిపోయిన సామాన్ల కథ, నీలం అట్ట పుస్తకంలో మొట్టమొదటి కథ. ఆ గదిలోని వేరే ఏ పుస్తకంలోనూ అది లేదు. అక్షరమ్ముక్క రాని చౌడక్కకు అదెలా తెలిసింది? ముందు బల్ల వెళ్ళిపోతుంది, తరువాత తలుపు, తరువాత బెంచీలు. చివరికి, అందరికంటే చివరికి, ఒక పుస్తకం వెళ్ళిపోతుంది.

వారానికొకటి చొప్పున చెప్తే, పుస్తకం వంతు నాలుగో శనివారం.

"మొదాట బల్ల అలిగి పాయ," అంటోంది చౌడక్క. "నాలుగు కాళ్ళతో టకటకా నడిచి పాయ. పోయి పోయి యాడ నిలిచింది? రంగప్ప ఇంట్లో నిలిచింది!"

పిల్లలు గొల్లుమన్నారు. రంగప్ప ఊళ్ళో పెద్ద రైతు. గంట తిరక్కుండా మోటారు సైకిలు మీద వచ్చి దిగాడు.

"ఏం చౌడక్కా, నన్నేంటికి కతలో పెట్టినావు?"

"నేనేడ పెట్టినానప్పా? పుస్తకంలో ఉండాది, చెప్పినా."

"యా పుస్తకం?"

"నాకేమన్నా చదువొస్తాదా? సారు ఇచ్చిండే పుస్తకం. నువ్వు చదువుకున్నోడివి గదా, కూసోని చూడు."

రంగప్ప కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొదటి పేజీ నుంచి వేలు పెట్టి వెతికాడు. తన పేరు లేదు. అట్ట దాకా చదివాడు. లేదు. మోకాళ్ళు పట్టేసి, నడుం పట్టుకుని, విసుగ్గా అరిచాడు. "పెద్దమనిషి వస్తే కూసోని చదువుకునేదానికి ఈడ ఒక బల్ల గూడ లేదేందప్పా?"

అని, తెరిచిన నోరు అట్లాగే ఉంచేశాడు.

కరోనా రోజుల్లో బడిలో సామాన్లు పాడవుతాయని ఊళ్ళోవాళ్ళు తలా ఒకటి జాగ్రత్తకు తీసుకుపోయారు. లైబ్రరీ పొడుగు బల్ల ఐదేళ్ళుగా రంగప్ప కొట్టంలో వేరుశనగ విత్తనాల మూటలు మోస్తోంది. ఆయన ఆ సంగతి మరిచేపోయాడు. సోమవారం పొద్దున కల్పన బడి తెరిచేసరికి బల్ల కడిగి, తుడిచి, వరండాలో నిలబెట్టి ఉంది. తెచ్చినవాళ్ళు కనిపించలేదు.

రెండో శనివారం బీరువా తలుపు అలిగింది. "రెక్క ఊపుకుంటా పోయి పోయి, పోతులయ్య గొర్రెపిల్లల దొడ్డికి అడ్డం నిలబడె!"

పోతులయ్యకు చదువు రాదు. ఏడో తరగతి చదివే కూతురు యామినిని రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. "మా నాయిన పేరు యాడుందో చూడాలంట అక్కా," అంది యామిని. రిజిస్టరులో సంతకం పెట్టి పుస్తకం తీసుకుపోయింది. రెండు రోజులకు తిరిగొచ్చారు.

"ఇందులో నేను లేను. ఇంగొకటి ఇయ్యి," అన్నాడు పోతులయ్య.

అందులోనూ లేడు. మూడోదాంట్లోనూ లేడు. నాలుగోది ఇస్తున్నప్పుడు ఆయన గొంతు మారింది. "ఇందులో అన్నా ఉంటానా పాపా?" అని ఆశగా అడిగాడు. తలుపు మాత్రం మంగళవారమే వచ్చేసింది. కింది అంచును గొర్రెపిల్లలు నాకి నాకి నున్నగా చేసినట్టున్నాయి. వాసన వారం రోజులు పోలేదు.

మూడో శనివారం బెంచీలు అలిగి లక్ష్మీదేవమ్మ బొరుగుల ఉగ్గాని అంగడి ముందుకు పోయాయి. లక్ష్మీదేవమ్మ బజ్జీల జల్లిగరిట చేత్తో పట్టుకునే వచ్చింది.

"ఏమ్మే చౌడక్కా! నీ నోట్లో మన్ను పడ! దొంగదాన్ని అంటావా నన్ను?"

"అమ్మ తోడు, నేననలేదు. బెంచీ దానంతట అదే వచ్చింది అంటి. ఉగ్గాని వాసన అట్లాంటిది మరి, కొయ్య గూడ నడుచుకుంటా వస్తాది."

లక్ష్మీదేవమ్మ గరిట దించింది. తిట్టాలో మురిసిపోవాలో ఆమెకు తేలలేదు. సాయంత్రానికి రెండు బెంచీలూ వచ్చాయి. వాటితో పాటు అందరికీ మిరపకాయ బజ్జీలు వచ్చాయి. ఆమె కూడా ఒక పుస్తకం తీసుకుపోయింది. పేరు వెతకడానికే అంది. బొమ్మలున్నదే కావాలంది.

రామచంద్రకు ఇదంతా నమ్మశక్యంగా లేదు. రిజిస్టరులో పేజీలు నిండుతున్నాయి. అమ్మానాన్నలకు చదివి వినిపించాల్సి వచ్చి పిల్లలు పుస్తకాల మీద పడ్డారు. కథలో పేరు రాని ఇళ్ళవాళ్ళు చౌడక్కను దారిలో ఆపి, "మేమేం పాపం చేసినాం, మమ్మల్ని ఎప్పుడు పెడతావు?" అని నిలదీస్తున్నారు. ఒక రోజు రామచంద్ర కూడా హిందూపురం బస్సు దిగి వచ్చి, సంచిలోంచి గోడగడియారం ఒకటి తీసి లైబ్రరీ గోడకు తగిలించాడు.

"రిపేరుకని తీసుకెళ్ళాను, మూడేళ్ళ క్రితం," అన్నాడు కల్పనతో. కాస్త ఆగి, గొంతు తగ్గించి, "నన్నింకా పెట్టలేదు కదా?" అన్నాడు.

కల్పన లేదన్నట్టు తలూపింది. ఆమెకు ఆయన గడియారం పట్టలేదు. అన్నం కూడా పట్టడం లేదు. బల్ల వచ్చింది, తలుపు వచ్చింది, బెంచీలు వచ్చాయి. పుస్తకంలో రాసి ఉన్న వరుసలోనే అన్నీ వచ్చాయి. మిగిలింది ఒకటే.

నాలుగో శనివారం లైబ్రరీ గదిలో కాలు పెట్టే సందు లేదు. కిటికీల్లో కూడా తలలున్నాయి. బియ్యం మూటల సంగతి తేల్చడానికి పైనుంచి ఉదయ్ కుమార్ అనే అధికారి వచ్చాడు. పిల్లలు ఆయనకు బల్ల పక్కన బెంచీ చూపించారు. కల్పన సంచిని ఒళ్ళో పెట్టుకుని చౌడక్క ఎదురుగా కూర్చుంది. సంచిలో తుండుగుడ్డ, తుండుగుడ్డలో నీలం అట్ట.

"బల్ల పాయ, తలుపు పాయ, బెంచీలు పాయ," మొదలుపెట్టింది చౌడక్క. "కోటలో మిగిలింది ఒక పుస్తకం."

"ఊఁ." చీమకు కూడా వినబడనంత సన్నగా ఉందది.

"నీలం అట్ట పుస్తకం. కొన్నాళ్ళు చూసింది. ఎవురూ తెరవలేదు. అదీ అలిగి పాయ. గుట్ట ఎనకాల గొర్రెలు మేసే కాడికి పాయ!"

అందరూ ఒక్కసారిగా పోతులయ్య వైపు తిరిగారు.

"నేను కాదప్పా!" పోతులయ్య లేచి నిలబడ్డాడు. "నాది తలుపొక్కటే! కావాలంటే యామినిని అడగండి!"

"కూసో పోతులయ్యా. ఇది నీ కత కాదు," అంది చౌడక్క. "ఆడ ఎవురుండారంటే..."

కల్పన సంచి మూతిని గట్టిగా పట్టుకుంది. తన పేరు ఆ వక్కాకు నోట్లో ఎట్లా ఉంటుందో ముందే వినబడుతోంది. రంగప్ప చూస్తాడు, సారు చూస్తాడు, పై అధికారి చూస్తాడు. రేపటి నుంచి తాళంచెవి ఇంకెవరి దగ్గరో ఉంటుంది.

"...ఒక ముసల్ది ఉండాది. దాని పేరు చౌడక్క. అది వట్టి దొంగది. పుస్తకాన్ని అదే ఎత్తుకోని పాయ."

నలభై ఏళ్ళుగా కనబడినవాళ్ళందరినీ కథల్లో పెట్టిన మనిషి తనను తాను పెట్టుకోవడం ఇదే మొదలు. లక్ష్మీదేవమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. రామచంద్ర రిజిస్టరు తెరిచి, 212 దగ్గర వేలుంచి, ఆ వేలు వైపే చూస్తూ ఉండిపోయాడు.

చౌడక్క ఊఁ కోసం చూస్తోంది. ఊఁ రాలేదు.

"ఊఁ కొట్టు పాపా."

గడియారం టిక్కుటిక్కుమంటోంది.

"కొట్టమ్మే. కత నిలిచిపోయింది. ఇంతమంది కూసోనుండారు."

"తరువాతేమైంది?" అని ఉదయ్ కుమార్ కూడా ఉండబట్టలేక అడిగేశాడు.

"కొట్టను," అంది కల్పన.

ఆ గొంతు ఎవరిదా అని సగం మంది వెనక్కి తిరిగి చూశారు.

"అట్ల లేదు అవ్వా కతలో. నువ్వు ఎత్తుకోని పోలేదు." కల్పన సంచిలోంచి తుండుగుడ్డ తీసింది. మడతలు విప్పింది. నీలం అట్ట పుస్తకాన్ని పొడుగు బల్ల మీద పెట్టింది. "నేను తీసుకుంటి సార్. ఐదేండ్లాయ. ఇయ్యాలనే తెస్తాంటి. ఇయ్యలేకపోతి."

రామచంద్ర పుస్తకం తిప్పి నంబరు చూశాడు. చౌడక్క నెత్తి కొట్టుకుంది.

"ఎంత బాగా ముగిస్తాంటి! అంతా చెడగొడితివి గదే!" కర్ర పట్టుకుని లేచింది. "సారూ, తీసుకునింది ఈ పాపే, నిజమే. అయితే ఒక్కతే చదివిందా? గుట్ట ఎనకాల గొర్రెలకు గట్టిగా చదివి వినిపిస్తా ఉండె. కంచె ఇవతల నేను కట్టెలు ఏరుకుంటా వింటా ఉంటి. వాన పడినా పోతాంటి. ఒకటీ రెండూ కాదు, నాలుగేండ్లు! లేకపోతే చదువు రాని ముండకు ఈ కతంతా యాడనుంచి వచ్చిందనుకుంటిరి? దొంగసొత్తులో సగం నేను తింటి. నా పేరు పెట్టుకుంటే తప్పేముండాది?"

కల్పన నోరు తెరుచుకుంది.

"అయితే... ఆ ముసలి గొర్రె..."

"యా ముసలి గొర్రె?"

"ఊఁ అంటా ఉండె. కంచె పక్కన. నేను ఆగినప్పుడంతా..."

ముందుగా పగలబడి నవ్వింది పోతులయ్య. తరువాత ఇక ఎవరూ ఆగలేదు. ఉదయ్ కుమార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"గొర్రెనా నేను?" చౌడక్క కర్ర బండకేసి కొట్టింది. "ఊఁ కొట్టకపోతే నువ్వు కత ఆపేస్తావేమోనని నేను ఒకటే భయపడుకుంటా కొడుతుంటే, నన్ను గొర్రె అనుకుంటివా?"

నవ్వులో నవ్వుగా కల్పనకు ఒక సంగతి వెలిగింది. బల్ల దానంతట అదే నడిచింది, తలుపు దానంతట అదే పోయింది, బెంచీలు ఉగ్గాని వాసనకు వెళ్ళాయి. ఇన్ని శనివారాల్లో చౌడక్క ఎవరినీ దొంగ అనలేదు. ఆ మాట దాచి దాచి, చివరికి తన పేరుకే తగిలించుకుంది.

రంగప్ప కూడా ఆ లెక్కే వేసుకున్నట్టున్నాడు. "నేరుగా అడిగింటే ఇయ్యకపోదునా చౌడక్కా?" అన్నాడు.

"నేరుగా అడిగితే నువ్వు దొంగ, నేను పోలీసు అయితాం గదప్పా. అది మంచి కత కాదు."

రామచంద్ర ఎర్ర సిరాతో ఉన్న "పోయినది" మీద గీత కొట్టి, పక్కన "చదువుతున్నారు" అని రాశాడు. ఉదయ్ కుమార్ తన కాగితం మీద ఏదో రాసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"బియ్యానికి ఇంకో గది చూసుకోమంటాను," అన్నాడు లేస్తూ. "ఇక్కడ మూటలు పెట్టిస్తే ఆవిడ నన్ను కథలో పెట్టేస్తుంది. మా ఆఫీసులో తెలిస్తే బాగుండదు." వెళ్తూ వెళ్తూ ఒక పుస్తకం సంతకం పెట్టి తీసుకుపోయాడు.

ఐదో శనివారం చౌడక్క వచ్చి తన చోటులో కూర్చోబోయింది. కల్పన ఆమెను చేయి పట్టుకుని ఎదురుగా ఉన్న చోటుకు తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

"ఏందే ఇది?"

"ఈపొద్దు నువ్వు ఊఁ కొట్టు."

కల్పన నీలం అట్ట పుస్తకం తెరిచింది. పిల్లల ముఖాలు చూసింది, గొర్రెలనుకుంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"అనగనగా ఒక ఊరు. ఆ ఊర్లో ఒక గయ్యాళి ముసల్ది ఉండాది."

"ఊఁ," అంది చౌడక్క హాయిగా, వక్క నములుతూ.

"అది ఊర్లో అందరినీ కతల్లో పెట్టి నగుబాటు చేస్తాంటాది. దాని పేరు..." కల్పన పేజీ తిప్పి, తలెత్తి, చౌడక్కను చూసింది.

చౌడక్క దవడ ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. "యాడుంది నా పేరు? పుస్తకంలోనా?" అంది.

"నాకేం తెలుసవ్వా? పుస్తకంలో ఉండాది, చెప్తాండా. కావాలంటే చదువుకోని చూడు."

చౌడక్క తెరిచిన నోరు మూయలేదు. రంగప్ప, పోతులయ్య, లక్ష్మీదేవమ్మ ఆ నోటి వంకే తృప్తిగా చూశారు.

"ఊఁ కొట్టవ్వా," అంది కల్పన. "కత నిలిచిపోయింది."